మూడో తీగ మీద ఏనుగు

తుపాకీ ఒక్కసారే పేలింది. సరిహద్దు నాలుగో గేటు దగ్గర ఇనుప కమ్మీ కింద నుంచి దూరి ఒక కాలు ఇవతల పెట్టిన మనిషి, రెండో కాలు అవతల ఉండగానే కూలిపోయాడు. సగం మన నేల మీద, సగం పరాయి నేల మీద పడ్డ ఆ శవాన్ని ఎవరు ఎత్తాలన్నదాని మీద రెండు వైపుల అధికారులూ సాయంత్రందాకా వాదులాడుకున్నారు.

మూడు వారాల్లో అతను మూడోవాడు.

ఆ తర్వాత నాలుగో రోజు మధ్యాహ్నం పన్నెండున్నరకి ఏజెంట్ పాదరసానికి పిలుపొచ్చింది. ఈ పాదరసం ఒకసారి ఏడంతస్తుల మేడ మీంచి గొడుగు పట్టుకుని దూకి, చొక్కా ఇస్త్రీ నలగకుండా నేల మీద నిలబడ్డాడని డిపార్ట్‌మెంటులో చెప్పుకుంటారు. గొడుగు నిజమే గాని మేడ రెండంతస్తులేనని కిట్టనివాళ్లు అంటారు. నేను మాత్రం ఏడే అంటాను. మిగిలిన ఐదూ వాళ్ల కడుపుమంట.

డిపార్ట్‌మెంట్ చీఫ్‌ని అందరూ పెద్దాయన అంటారు. ఆయన గదిలో కర్టెన్లు మూసి ఉన్నాయి.

"కూర్చో."

"నిలబడే వింటాను సార్."

"ఇది నిలబడి వినే సంగతి కాదు. కూర్చో."

పాదరసం కూర్చున్నాడు.

"ఇవాళ నాలుగు గంటలకి ఇంకో మనిషి దాటుతోంది. మూడో గేటు. ఆపరేషన్ కుట్టుమిషన్."

"దాటుతోంది అన్నారు. ఆడమనిషా?"

పెద్దాయన కళ్లజోడు తీసి తుడిచాడు. అది ముందే శుభ్రంగా ఉంది. "మీ అక్క."

పాదరసం కుర్చీలోంచి సగం లేచాడు.

అక్క ఏడేళ్లుగా అవతలి దేశంలో కుట్టుమిషన్లు రిపేరు చేస్తోంది. అమ్మకి తెలిసింది అంతే. ఆ మిషన్లు బాగుచేయించుకునేది అక్కడి గూఢచారి ముఠా పెద్దల భార్యలని, ఆ ఇళ్లలో అక్క సూదితో పాటు రహస్యంగా వినే చెవులు కూడా ఎక్కించి వస్తుందని తెలిసింది డిపార్ట్‌మెంటుకి. తమ్ముడికి సైకిలు నేర్పినప్పుడు చొక్కా కాలరు పట్టుకుని వీధి చివరిదాకా పరుగెత్తిన అక్క. వదిలేశానని చెప్పి వదలని అక్క.

"ఆపేద్దాం సార్. కబురు పంపండి."

"ఎలా పంపను? రేడియో నదిలో పారేసి బయల్దేరింది. గేటూ టైమూ రెండు రోజుల కిందటే చెప్పేశాం. ఇంక ఆమె వస్తుంది, అంతే."

"గేటు నంబరు ఎంతమందికి తెలుసు?"

"కంట్రోల్ రూములో ఐదుగురికి. ఐదుగురి ఫోన్లూ వింటున్నాం. ఉత్తరాలు విప్పాం. చెత్తబుట్టలు కూడా బోర్లించాం. ఒక్క అక్షరం బయటికి పోలేదు. కానీ గేటు నంబరు పోతోంది." పెద్దాయన గొంతు తగ్గించాడు. "ఇంకో మాట. కిందటి వారం కరెంటు పనులకని ఒక రోజంతా కంట్రోల్ రూము ఫోన్లు కట్టేశాం. ఆ రోజు వాళ్లు నాలుగు గేట్లూ మూసేసి, గేటుకి పదిమందిని తుపాకులతో నిలబెట్టారు. అంటే ఇక్కణ్ణుంచి కబురు అందితే ఒక్క గేటు దగ్గర కాపు కాస్తారు. అందకపోతే నాలుగింటి దగ్గరా కాస్తారు. అర్థమైందా?"

"అయింది సార్. ఫోన్లు ఆపినా అక్క పోతుంది, ఆపకపోయినా పోతుంది."

"మూడున్నర గంటల టైముంది. ఆ ఐదుగురిలో నెమలిని మాత్రం అనుమానించకు. వాళ్ల మనిషిగా నటిస్తున్న మన మనిషి ఆవిడ. రెండుసార్లు నా ప్రాణం కాపాడింది." నెమలి పేరెత్తినప్పుడు పెద్దాయన టై సర్దుకున్నాడు.

సామాన్ల గదిలో పాదరసానికి ఏసీ మెకానిక్ బట్టలు, ఒక నిచ్చెన, మడమలో కెమెరా ఉన్న బూట్లు, పొగ చిమ్మే పెన్ను ఇచ్చారు. పెన్ను అప్పటికే జేబులో కారుతోంది.

బయల్దేరే ముందు ఇంటికి ఫోన్ చేశాడు. ఎందుకు చేశాడో అతనికే తెలీదు. బహుశా ఒక మామూలు గొంతు వినాలనిపించింది.

"ఏమండీ, ఇప్పుడే మీ అమ్మగారితో మాట్లాడుతున్నా. లైను కట్టయిపోయింది," అంది భార్య.

"మళ్లీ చెయ్యలేదా?"

"ఎందుకండీ చెయ్యడం? కట్టయిందంటే నా అదృష్టం! మోకాలి నొప్పి ఎడమ కాలిదాకా చెప్పారు. కుడికాలు రేపు వింటాలెండి." తర్వాత మెల్లగా అంది. "వదిన ఈసారైనా వస్తుందా అని అడిగారు. వస్తుందని చెప్పేశాను. తప్పేం లేదుగా?"

"తప్పేం లేదు," అని పెట్టేశాడు.

కంట్రోల్ రూము తలుపు దగ్గర కాపలావాడు దారికి అడ్డం నిలబడ్డాడు.

"బయట ఎండ ఎలా ఉంది?"

"నీడనడిగితే చెబుతుంది."

తలుపు తెరుచుకుంది. లోపల పొడుగాటి హాలు. ఎదురుగోడ నిండా ఒకే తెర. తెర మీద ఒకటి నుంచి నాలుగుదాకా అంకెలేసిన నాలుగు ఆకుపచ్చ గీతలు, దాదాపు ఒకే ఎత్తులో వణుకుతున్నాయి. పాదరసం నిచ్చెనెక్కి ఏసీ మూత విప్పి, సందులోంచి చూడటం మొదలెట్టాడు. రెండు గంటలైంది. రెండున్నరైంది. ఐదుగురూ పని చేసుకుంటున్నారు. ఒకడు ఆవులించాడు. ఒకామె గోళ్లు కొరికింది. నెమలి నీలం చీర కొంగు సవరించుకుంది. ఆ పని ఆమె ఎంత అందంగా చేసిందంటే మూడు బల్లల అవతల ఒకడు టైపు చెయ్యడం మర్చిపోయాడు. అంతకుమించి ఏమీ జరగలేదు.

మూడు గంటలకి పాదరసం చొక్కా వీపుకి అతుక్కుపోయింది. అతను బాగుచేస్తున్న ఏసీ నిజంగానే ఆగిపోయింది మరి.

"ఏం నాయనా, ఉన్న చల్లదనం కూడా పోగొట్టావు?" అంటూ ఐదుగురిలో పెద్దవాడైన ఇంజనీరు నిచ్చెన కిందికొచ్చాడు. అరవై దాటిన మనిషి, చేతులు సన్నగా వణుకుతాయి. ఆయన్ని త్రాసు మాస్టారంటారు. ఇక్కణ్ణుంచి నదీ వంతెన కిందుగా సరిహద్దు ఊరికి వెళ్లే నాలుగు తీగల మీదా బరువు సమంగా ఉండేలా చూడటం ఆయన ఉద్యోగం.

"ఆ గీతలేంటి మాస్టారూ?" మాట కలిపాడు పాదరసం.

ఆయన మొహం వెలిగింది. పదేళ్లలో ఆ మాట అడిగినవాడు ఇతనొక్కడే. "అవి నా పిల్లలు. నాలుగు తీగలు, ఒకే కట్ట. ఇక్కణ్ణుంచి పోయే ప్రతి ఫోనూ ఆ నాలుగింటిలో ఒకటెక్కాలి. ఏది ఎక్కాలో లోపలున్న పెట్టె చెబుతుంది. చేసినవాడి నంబరు, ఎత్తినవాడి నంబరు, ఫోను బయల్దేరిన గుమ్మం నంబరు, మూడూ కలిపి ఒక లెక్క వేస్తుంది. శేషం ఎంతొస్తే ఆ తీగ. ఎక్కిన ఫోను చివరిదాకా దాని మీదే పోవాలి. మధ్యలో తీగ మారిస్తే మాటలు ముందువెనకలైపోతాయి. నువ్వు ఇక్కడ 'రావద్దు' అంటే అక్కడ 'వద్దురా' అని వినపడుతుంది."

"మరి మళ్లీ చేస్తే అదే తీగా?"

"చెప్పలేం. చేసిన ప్రతిసారీ పెట్టె ఆ ఫోనుకి కొత్త గుమ్మం తెరుస్తుంది, దాని నంబరూ కొత్తదే. తీగ మారొచ్చు, మారకపోవచ్చు. వేలకొద్దీ ఫోన్లు కదా, చివరికి నాలుగూ సమానమైపోతాయి. చిన్న ఫోన్లని మేం ఎలకలంటాం. బొమ్మ కనపడే ఫోను ఏనుగు. ఎలకలు ఎన్నున్నా ఫర్వాలేదు. ఒక్క ఏనుగెక్కితే తీగ ఉబ్బుతుంది." ఆయన మొహం మాడింది. "ఈ మధ్య ఒక ఏనుగు నా త్రాసు చెడగొడుతోంది నాయనా. మధ్యాహ్నం పూట, సరిగ్గా తొమ్మిది నిమిషాలు. ఒకసారి రెండో తీగ, తర్వాత ఒకటి, మొన్న నాలుగు. పైవాళ్లకి పదకొండు ఉత్తరాలు రాశాను. నీకు చాదస్తం అన్నారు."

"పాపం," అన్నాడు పాదరసం సగం చెవితో. అతని కళ్లు గడియారం మీదున్నాయి. మూడూ ఇరవై. ఈ సమయానికి అక్క నది దాటి ఉంటుంది. భుజాన మిషను పెట్టె, తలముడిలో ఫిల్ము చుట్ట.

మూడూ ముప్పై రెండుకి నెమలి ఫోను తీసి ఎదురుగా పెట్టుకుంది. ఫోను తెర మీద ముసలావిడ నవ్వు మొహం వెలిగింది.

"హలో అత్తయ్యా, మందులేసుకున్నారా?"

"వేసుకున్నానమ్మా, పొద్దున్నే..."

నెమలి తలెత్తి గోడ వైపు చూసింది. నాలుగో గీత కొద్దిగా ఉబ్బింది. "లైను బాగోలేదత్తయ్యా, పెట్టేసి మళ్లీ చేస్తా."

"నాకు గంట కొట్టినట్టు వినపడుతోందే..." అంటుండగానే కట్టయింది.

మళ్లీ చేసింది. ఈసారి రెండో గీత ఉబ్బింది. "అబ్బ, సరిగ్గా లేదత్తయ్యా. మళ్లీ చేస్తా."

నిచ్చెన మీద పాదరసం స్క్రూడ్రైవరు ఆగిపోయింది. ఈ భూమి మీద ఏ కోడలైనా అత్తగారి ఫోను కట్టయితే మళ్లీ చేస్తుందా? అదీ వెంటవెంటనే? కట్టయిందంటే అదృష్టం అనుకునే జాతి కదా అది!

రెండు, ఒకటి, నాలుగు. మాస్టారి ఏనుగు ఎక్కిన తీగలు. రెండో గేటు, ఒకటో గేటు, నాలుగో గేటు. మనవాళ్లు పడిపోయిన వరస.

కబురు మాటల్లో లేదు. మాట ఏ తీగ మీద వెళ్లిందన్నదే కబురు. నదీ వంతెన కింద నాలుగు తీగలకీ చెవులు తగిలించుకుని ఎవడో కూర్చున్నాడు. తాళం వేసిన మాటలు వాడికి అర్థం కానక్కర్లేదు. ఏ తీగ ఉబ్బిందో తెలిస్తే చాలు. మూడో తీగ దొరికేదాకా నెమలి చేస్తూనే ఉంటుంది. దొరికాక తొమ్మిది నిమిషాలు కబుర్లు చెబుతుంది. ఏమీ ఎరగని ఆ ముసలావిడ, తన కోడలంతటి కోడలు లేదని మురిసిపోతుంది.

పాదరసం నిచ్చెన మీంచి దాదాపు పడ్డాడు. మాస్టారి రెక్క పట్టుకుని తీగల గదిలోకి లాక్కుపోయి తలుపు దగ్గరికి వేశాడు. నాలుగు మాటల్లో చెప్పాడు.

మాస్టారు కుర్చీ వెతుక్కున్నారు. "ఫోను కట్ చేసెయ్!"

"కబురు అందకపోతే నాలుగు గేట్లూ మూస్తారు. కబురు పోవాలి మాస్టారూ. తప్పు కబురు పోవాలి. తెర మీద మూడని కనపడాలి, వంతెన కింద ఇంకోటి ఉబ్బాలి."

మాస్టారు ఇనుప చట్రంలో మెరుస్తున్న నాలుగు సన్నని తీగల వైపు చూశారు. "ఒకటీ మూడూ ఒకదాని రంధ్రంలో ఇంకోటి గుచ్చితే... తెర రంధ్రం నంబరే చూపిస్తుంది. ఒకే కట్ట కాబట్టి అవతలి పెట్టె కూడా అడగదు." తల అడ్డంగా ఊపారు. "వద్దు నాయనా. పదేళ్లు వాటిని ఒక వరసలో పెట్టుకున్నాను. నా చేత్తో నేను చెడపలేను."

"వచ్చేది మా అక్క మాస్టారూ."

ఆ భవనంలో అతను ఆ మాట పైకి అనడం అదే మొదలు.

మాస్టారు వణుకుతున్న తన చేతుల వైపు చూసుకున్నారు. "నా వేళ్లతో కాదు. నువ్వే మార్చు. తీగ ఊడిన సంగతి పెట్టె మూడు సెకన్లదాకా పట్టించుకోదు. ఊడ్చే అమ్మాయి చీపురు తగిలినప్పుడల్లా అది గోల చేస్తుంటే విసుగొచ్చి, ఆ ఓపిక నేనే పెట్టాను. మూడు దాటితే తెరంతా ఎర్రబడుతుంది, ఆవిడకి తెలిసిపోతుంది. నేను తలుపు సందులోంచి చూస్తాను. ఆవిడ ఫోను పెట్టిన క్షణం దగ్గుతాను."

మూడో ఫోను. పాదరసం రెండు చేతులూ రెండు తీగల మీద పెట్టాడు.

"మళ్లీ నాలుగే," గుసగుసలాడారు మాస్టారు. "పెట్టేస్తోంది... అయ్యో, వెంటనే చేసింది. దగ్గే సందు లేదు. ఇప్పుడు ఒకటో తీగ మీదుంది. ముట్టుకోకు! లాగితే అత్తగారి మొహం బిగుసుకుపోతుంది."

చెమట కనుబొమ మీంచి కంట్లోకి జారింది. తుడుచుకోడానికి చెయ్యి ఖాళీ లేదు. తర్వాతి ఫోను మూడో తీగ మీద పడితే, అప్పటికి మార్చి ఉండకపోతే, అంతే.

మాస్టారు దగ్గారు.

లాగాడు. రెండు తీగలూ ఊడాయి. ఒకటి. మొదటిది కొత్త రంధ్రంలో టిక్కుమంది. రెండు. రెండోది ఎక్కలేదు. గోరంత కొక్కెం తలకిందులైంది. తిప్పాడు. వేలు జారింది. చొక్కా కాలరు ఎవరో పట్టుకున్నట్టు, వదలకుండా వెనకాలే పరుగెత్తుతున్నట్టు అనిపించింది. టిక్కు.

మాస్టారు ఊపిరి వదిలారు. "ఎర్రబడలేదు. చేస్తోంది... మూడు! మూడో గీత లేచింది."

హాల్లోంచి నెమలి గొంతు తేనెలా వచ్చింది. "ఆఁ, ఇప్పుడు బాగుంది అత్తయ్యా. చెప్పండి, మోకాలి నొప్పి ఎలా ఉంది?"

మూడూ ముప్పై ఆరు. ఇంక చెయ్యడానికేమీ లేదు. అదే అన్నిటికన్నా కష్టమైపోయింది.

"ఏనుగు ఏ తీగ ఎక్కిందో రాసుకున్న నా పుస్తకంలో అంకెలు తప్పయితే నాయనా?" అన్నారు మాస్టారు ఐదో నిమిషంలో.

"తప్పు రాస్తారా మీరు?"

"ఎనిమిదేళ్ల కిందట ఒకసారి రాశాను," అన్నారాయన నిజాయితీగా. పాదరసం కళ్లు మూసుకున్నాడు.

తలుపు నెమ్మదిగా తెరుచుకుంది. ముందు అత్తరు వాసన వచ్చింది. వెనకాల నెమలి. ఎడమచేతిలో ఫోను, అందులో ముసలావిడ కుడికాలి కథలో ఉంది. కుడిచేతిలో లిప్‌స్టిక్కంత పిస్తోలు.

"ఏమయ్యా మెకానిక్, నిచ్చెన హాల్లో ఉంది, నువ్విక్కడ ఉన్నావు?" ఆమె కళ్లు చట్రం మీదికి వెళ్లాయి. మూడో రంధ్రంలోని తీగ మొదట్లో మాస్టారు అతికించిన పసుపు చీటీ ఉంది. దాని మీద గుండ్రటి అక్షరాలతో 'ఒకటి' అని రాసి ఉంది.

నెమలి నవ్వింది. "తెలివైనవాడివే. అయితే ఇంకో ఫోను చెయ్యాలన్నమాట. రెండు తీగలు అంతసేపు ఉబ్బితే రెండోదే లెక్క, అది మా ఒప్పందం." బొటనవేలితో ఫోను కట్ చేసింది. ముసలావిడ మొహం ఆరిపోయింది.

పాదరసం పొగ పెన్ను తీసి నొక్కాడు. పెన్ను అతని చొక్కా మీద నీలం సిరా కక్కి ఊరుకుంది.

"పాపం," అంది నెమలి. పిస్తోలు దించకుండానే నంబరు నొక్కబోయింది. ఇప్పుడు నిజమైన మూడో తీగ ఒకటో గీత కింద ఉంది. అది దొరికేదాకా ఎన్నిసార్లయినా చేస్తుంది. గడియారం మూడూ నలభై ఐదు.

ఫోను దానంతటదే మోగింది.

నెమలి ఉలిక్కిపడింది. అలవాటు కొద్దీ బొటనవేలు ఆకుపచ్చ గుర్తు మీద పడింది.

"కట్టయిందమ్మా!" అరిచింది ముసలావిడ. "పాపం నువ్వే ఎన్నిసార్లు చేస్తావు, ఈసారి నేనే చేద్దామని. ఎక్కడున్నాను? ఆఁ, కుడికాలు..."

నెమలి కట్ చేసింది. మళ్లీ మోగింది. మళ్లీ కట్ చేసింది. మళ్లీ మోగింది. ఎన్నేళ్ల తర్వాతో దొరికిన కోడల్ని ఆవిడ అంత తేలిగ్గా వదిలేరకం కాదు. మూడోసారి నెమలి చూపు ఒక్క రెప్పపాటు ఫోను మీద పడింది. పాదరసానికి ఆ రెప్పపాటు చాలు. పిస్తోలు పైకప్పులో ఒక చిల్లి పెట్టి నేల మీద పడింది. నెమలి చేతులు వెనక్కి వెళ్లాయి. కట్టడానికి తాడు లేకపోతే మాస్టారు తన దగ్గరున్న పాత తీగ ఒకటి ఇచ్చారు. "పనికిరాదని పారేద్దామనుకున్నాను," అన్నారు.

నాలుగు గంటలు. పెద్దాయన గదిలో గేటు కెమెరాల తెర ముందు ఆయనా, పాదరసం, మాస్టారూ నిలబడ్డారు. మూడో గేటు దగ్గర అవతలివైపు ఇద్దరు తుపాకీవాళ్లు ఇంకా ఉన్నారు.

"వెళ్లలేదు," అన్నాడు పెద్దాయన. "ఎందుకు వెళ్లలేదు?"

దుమ్ములోంచి భుజాన పెట్టెతో ఒక ఆడమనిషి నడిచి వస్తోంది. తొందర లేదు. యాభై అడుగులు. నలభై. ఇద్దరిలో ఒకడు తుపాకీ భుజం మీంచి దించాడు. పాదరసం బల్ల అంచు పట్టుకున్నాడు.

అప్పుడొక జీపు వచ్చి ఆగింది. ఎవడో చెయ్యి ఊపి, ఒకటో గేటు వైపు చూపించి అరిచాడు. ఇద్దరూ జీపులోకి దూకారు. దుమ్ము లేచింది.

దుమ్ము సర్దుకునేసరికి అక్క రెండు కాళ్లూ ఇవతలే ఉన్నాయి. పెట్టె దించి, మెడ విరుచుకుని, సరిగ్గా కెమెరా వైపు చూసి ఏదో అంది. చప్పుడు రాలేదు గాని పాదరసానికి పెదాలు అర్థమయ్యాయి.

"ఏమంటోంది?" అన్నాడు పెద్దాయన.

"పెట్టె మొయ్యడానికి ఒక్కడూ రాలేదేంట్రా అంటోంది సార్." పాదరసం గోడవైపు తిరిగి చాలాసేపు చొక్కా మీద సిరా తుడుచుకున్నాడు. సిరా పోలేదు.

నెమలి అత్తగారికి సంగతి చెప్పే పని అతని మీదే పడింది. ఆవిడ అంతా విని ఒక నిట్టూర్పు విడిచింది. "అన్నిసార్లు మళ్లీ మళ్లీ చేసినప్పుడే నాకు అనుమానమొచ్చింది నాయనా," అంది. "కానీ మాట్లాడుతుంటే బాగుండేది." తర్వాత అతని మోకాళ్లెలా ఉన్నాయని అడిగింది. పాదరసం అరగంట మాట్లాడాడు. మధ్యలో ఒకసారి లైను కట్టయితే తనే మళ్లీ చేశాడు. త్రాసు మాస్టారు తీగలు వరసలో పెట్టుకుంటూ, ఆ ఏనుగుని చూసీ చూడనట్టు వదిలేశారు.

సాయంత్రం ఇంటికెళ్లేసరికి భార్య హాల్లో నిలబడి ఫోనులో అరుస్తోంది. "వదిన వచ్చేసింది అత్తయ్యా! హలో? హలో?" లైను కట్టయింది. ఆమె వెంటనే మళ్లీ డయల్ చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది.

ఏజెంట్ పాదరసం చెయ్యి, అతని ప్రమేయం లేకుండానే, పిస్తోలున్న జేబులోకి వెళ్లింది.